ఉప్పుగాలికి కట్టిన మెట్లు

పొద్దున్నే ఫోను టింగుమందంటే అది సీతామహాలక్ష్మి పంపిన ఫోటోయేనని రజితకు చూడకుండానే తెలిసిపోయేది. లోకంలో కొందరు దేవుడి బొమ్మలు పంపుతారు, కొందరు గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి పంపుతారు. ఆవిడ తుప్పు పంపేది. తెల్లటి గోడ, గోడలోంచి బయటికొచ్చి గాల్లో నిలబడ్డ మెట్టు, ఆ మెట్టు మొదట్లోంచి కిందికి కారిన ఎర్రటి చార. మర్నాడు ఇంకో మెట్టు, ఇంకో చార. ఫోటో కింద ఒక్క మాట కూడా ఉండేది కాదు. తిట్టినా బాగుండేది, తిట్టినవాళ్లకు తిరిగి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఫోటోకి ఏం చెప్పుకుంటాం?

రజితది సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో ఇనుప పనుల షాపు. బోర్డు మీద పేరు మాత్రం తండ్రి సదాశివదే. కుడిచెయ్యి వణకడం మొదలైన దగ్గర్నుంచి సదాశివ వెల్డింగు మానేశాడు. గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం, చాయ్ తాగడం, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడడం, లోపల జరిగే పనిలో తప్పులు పట్టడం మానలేదు. కొలతలు తీసేది, కోయించేది, అతికించేది, మాటపడేది అంతా రజితే.

ఆ ఇంట్లో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. వాళ్ల దగ్గర వేలెడంత ఉక్కు పంచ్ ఉంది. దాన్ని ఇనుము మీద ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చిన్న చంద్రవంక, దాని కింద చుక్క పడతాయి. షాపులోంచి బయటికి వెళ్లే ప్రతి పని మీదా అది పడదు. ఇంటి పెద్దకు ఆ పనిలో వంక దొరక్కపోతేనే పడుతుంది. కొన్నవాళ్లకు కనిపించే చోట కొట్టరు. అడుగునో, వెనకో, ఎప్పుడైనా మరో కమ్మరి విప్పితే తప్ప కనబడని చోట కొట్టి కుంకుమ అద్దుతారు. "పనిమంతుడు చేసిండని ఇంకో పనిమంతునికి తెల్వాలె, గంతే. ఊరంతటికీ ఎందుకు?" అంటాడు సదాశివ.

రజిత చిన్నాన్న గేట్ల మీద ఆ గుర్తు పడింది. షాపులో చాలాకాలంగా వెల్డింగు చేస్తున్న నోవహు కిటికీ ఊచల మీద కూడా పడింది. రజిత పని మీద మాత్రం ఒక్కసారీ పడలేదు. ఆమె చేసిన రెయిలింగులు, షెడ్లు, వంకీల మెట్లు ఎన్నో గడప దాటాయి. సదాశివ ప్రతిదాన్నీ చుట్టూ తిరిగి చూసేవాడు, వేలితో తట్టేవాడు, "ఊఁ, పోనీయ్" అనేవాడు. ఆ 'ఊఁ' వింటే రజితకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఎన్నడూ అడగలేదు. అడిగి కొట్టించుకుంటే అది గుర్తు కాదు, ముష్టి.

అలాంటి రోజుల్లో ఈ మెట్ల పని వచ్చింది. సీతామహాలక్ష్మి ఉండేది మారేడ్‌పల్లిలో. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైంది. పుట్టిన ఊరు భీమునిపట్నం, వాడుకలో భీమిలి. సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకోవాలని సర్వీసంతా అనుకుని చివరికి కట్టేసింది. కింది వాటా అద్దెకు, మేడ తనకు. మేడ మీదికి బయటినుంచే మెట్లు కావాలి. అవీ మామూలు మెట్లు కాదు. కింద స్తంభం ఉండకూడదు, పక్కన దూలం కనబడకూడదు, ఒక్కో మెట్టూ గోడలోంచి మొలిచినట్టు గాల్లో నిలవాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య సముద్రం కనిపించాలి. అక్కడి పనివాళ్లు దణ్ణం పెట్టి, సిమెంటుతో కట్టుకోండమ్మా అన్నారు. ఆవిడ వినే రకం కాదు. మారేడ్‌పల్లిలో ఆవిడ ఇంటి గేటు సదాశివ చేసింది. ఇన్నేళ్లకీ అది కిర్రుమనలేదు. ఆ గేటును నమ్ముకుని షాపు వెతుక్కుంటూ వచ్చింది.

సదాశివ బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఉప్పుగాలి కాడ ఇనుము పనా అమ్మా? నాతోని కాదు. మా బిడ్డ చేస్తనంటే చేయించుకోండ్రి."

రజిత చేస్తానంది. తండ్రి నోట 'నాతోని కాదు' అన్న మాట విన్నాక ఇంకేం ఆలోచిస్తుంది?

చేయడానికి ముందు ఆమె చదివింది, కనుక్కుంది, ఓడరేవుల్లో పనిచేసినవాళ్లకు ఫోన్లు చేసి విసిగించింది. సముద్రం పక్కన ఇనుముకు శత్రువు వాన కాదు, వాన కడిగి పోతుంది. అసలు బాధ తేమతో. గాలిలో ఉప్పు కంటికి కనబడకుండా వచ్చి వాలుతుంది, రాత్రి తేమకు కరుగుతుంది, ఏ చిన్న సందు దొరికినా అందులో చేరి కూర్చుంటుంది, పండక్కొచ్చి కదలని చుట్టంలాగా. కాబట్టి సందులు ఉండకూడదు. ప్రతి అతుకూ చుట్టూరా మూసుకుపోవాలి. లోపల నీళ్లు నిలవకుండా దారి ఉండాలి. కోతలూ రంధ్రాలూ అన్నీ అయిపోయాక మెట్టు మొత్తాన్ని కరిగిన జింకులో ముంచి తీయాలి, దాని మీద రంగు వేయాలి. మెట్టు చివరి ప్లేటు గోడకు బిగిసే చోట మధ్యలో రబ్బరు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పూత పడ్డాక దాని మీద ఎవరూ చిన్న గీత కూడా గీయకూడదు.

"గీత పడ్డదో, చెయ్యి విరగ్గొడత" అని షాపులో అందరికీ చెప్పింది. అందరికీ అంటే నోవహుకూ, మిగతా పనివాళ్లకూ. తండ్రికి చెప్పలేదు. కుర్చీలో కూర్చుని చాయ్ తాగే మనిషికి ఏం చెబుతాం?

మెట్లు జీడిమెట్ల వైపున్న జింకు తొట్టికి వెళ్లి వచ్చాయి, రంగు వేసుకున్నాయి, లారీ ఎక్కడానికి తయారయ్యాయి. వెనక రబ్బరు అంటించడం ఒక్కటే మిగిలింది. అప్పుడు సదాశివ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"గా రబ్బరు నేనంటిస్త."

"నోవహన్న ఉన్నడు కద బాపూ. నీకెందుకు తక్లీఫ్?"

"జిగురు పూసి ఒత్తుడేనాయె. గదన్న చెయ్యనియ్యి నన్ను."

ఆ 'గదన్న' విన్నాక రజిత కాదనలేకపోయింది. సరేనంది. తను లారీ కోసం, బోల్టుల కోసం రాణిగంజికీ షాపుకూ మధ్య తిరుగుతూ ఉండిపోయింది. సదాశివ షాపు వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకుని రోజంతా అదే పని చేశాడు. రబ్బరు ముక్కలు అంటించడానికి రోజంతా పడుతుందా అని ఒకసారి అనిపించింది. వణికే చెయ్యి కదా, పడుతుంది అని సమాధానపడింది.

భీమిలిలో మెట్లు బిగించిన రోజు రజిత జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. కింద నిలబడి చూస్తే మెట్ల మధ్యలోంచి సముద్రం నీలంగా, ముక్కలు ముక్కలుగా కనబడింది. సీతామహాలక్ష్మి ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. "ఊగడం లేదమ్మాయ్!" అని పైనుంచి అరిచింది. రజిత తెల్లారి రైలు దిగి తిన్నగా షాపుకే వచ్చింది.

సదాశివ ఎదురుచూస్తూ ఉన్నాడు. "మెట్లు చూసినవా?" అన్నాడు.

"అదేంది బాపూ, నేనేనాయె బిగించింది. చూడకుంటెట్ల?"

"మంచిగ చూసినవా?"

"చూసిన అంటున్న కదా!"

ఆయన ఆమె మొహం వంక కాసేపు చూశాడు. తర్వాత కుర్చీని బజారు వైపు తిప్పుకున్నాడు. ఆ రోజునుంచి ఆయన మాట తగ్గింది. ఏమడిగినా "నీ ఇష్టం", "నాకేం తెల్సు", "నువ్వు పెద్దదానివి." తను కాదన్న పని కూతురు చేసుకొచ్చిందని కడుపుమంట అనుకుంది రజిత. అనుకుని ఇంకా మండిపోయింది. మెచ్చుకోకపోతే మానె, ఏడవడమెందుకు?

వానాకాలం వచ్చింది. ఫోటోలు మొదలయ్యాయి.

మొదటి చార చూసి రజిత గోడ మీది మరక అనుకుంది. రెండోది చూసి బోల్టులనుకుంది. వరసగా అన్ని మెట్లకీ మొదలయ్యాక ఆమెకు నిద్ర పట్టలేదు. జింకు తొట్టి వాళ్లతో పోట్లాడడానికి వెళ్లింది. వాళ్లు మిగిలిపోయిన ముక్క మీద మీటరు పెట్టి పూత మందం చూపించారు, పూత లక్షణంగా ఉంది. రంగు అమ్మినవాడి మీదికి వెళ్లింది. అతను డబ్బా వంక చూడను కూడా చూడకుండా, "సముద్రం కాడ అంతే మేడం, ఏదైనా తుప్పు పడుతది" అన్నాడు. ఇనుము పని చేసేదానికి ఇనుము గురించి చెప్పడం, కమ్మరివాడలో సూదులమ్మడం అంటే ఇదే. భీమిలి మేస్త్రీకి ఫోను చేసి గోడలో సముద్రపు ఇసుక కలిపావా అని నిలదీసింది. అతను నొచ్చుకుని ఫోను పెట్టేశాడు. ఆఖరికి సీతామహాలక్ష్మినే అడిగింది, మెట్లు ఉప్పునీళ్లతో గానీ కడుగుతున్నారా అని.

అప్పుడు ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. "ఏమ్మా రజితా, మాది ఉప్పుగాలి అని మొదటిరోజే చెప్పానా లేదా? నీ మెట్లు నేను కడిగినందుకు పాడయ్యాయా? మీ నాన్నగారి గేటు మారేడ్‌పల్లిలో ఇన్ని వానలకు నానుతోంది. దానికి లేని తుప్పు దీనికెందుకొచ్చిందో నువ్వే చెప్పు. చెప్పలేకపోతే మెట్లు పీకి పట్టుకుపో. ఇంకొకరెవరైనా అడిగితే నేను చూసింది చూసినట్టు చెబుతాను."

ఆ చివరి మాటతో రజిత కాళ్లకింద నేల కదిలింది. భీమిలి ఒడ్డున ఇల్లు కడుతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ మెట్లు చూసి ఆమె నంబరు తీసుకున్నారు. వాళ్లు పోతే పోయారు. 'తండ్రి గేటుకు లేని తుప్పు' అన్న మాట మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ మాట తండ్రి చెవిన పడిందంటే ఇక ఈ జన్మలో తన పని మీద చంద్రవంక పడదు. చిన్నప్పటినుంచి ఆమె కోరుకున్నది అదొక్కటే.

"అన్ని మెట్లూ విప్పి షాపుకు పంపించండి మేడం. తప్పు ఎక్కడుందో నేను చూస్తా" అంది.

మెట్లు విప్పించి లారీకి ఎక్కించి, సీతామహాలక్ష్మి కూడా మారేడ్‌పల్లికి తిరిగొచ్చింది. మెట్లు తీశాక అక్కడున్న నాలుగు రోజులూ మేడ ఎక్కడానికి నిచ్చెన వేసుకున్నానని, రెండుసార్లు కాలు జారబోయిందని ఫోనులో చెప్పింది.

మెట్లు షాపు ముందు దిగాయి. అడ్డంగా పడేస్తే ఆటోలు పోవడానికి దారి లేక గల్లీలో గోల. నోవహు, ఇంకిద్దరు లోపలికి మోశారు. సదాశివ కుర్చీ జరుపుకుని దారి ఇచ్చాడు. రజిత ఒక్కో మెట్టునూ తిప్పి చూసింది. పైన రంగు నిగనిగలాడుతోంది. అతుకులు శుభ్రంగా ఉన్నాయి. నీటి దారులు తెరుచుకునే ఉన్నాయి. ఎక్కడా వంక లేదు. తుప్పు ఒక్కచోటే ఉంది, ప్లేటు వెనక, రబ్బరు అంచులోంచి కారిన మరక.

"రబ్బరు పీకు నోవహన్నా" అంది. లోపలేదో మూలకు పూత సరిగ్గా ఎక్కలేదేమోనని ఆమె ఆశ. తప్పు జింకువాళ్ల మీదికి పోతే బాగుండునని దేవుడికి మొక్కుకుంటోంది కూడా.

నోవహు ఉలితో రబ్బరు లేపాడు. లేపి, అలాగే ఉండిపోయాడు. "అక్కా, జెర ఇటు రా."

ప్లేటు మధ్యలో రూపాయి బిళ్లంత మేర తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. చుట్టూ పూత చెక్కుచెదరలేదు. రజిత ఇనుప బ్రష్షు తీసుకుని తోమింది. ఎర్రటి పొట్టు రాలిపోయాక అడుగున చంద్రవంక కనబడింది. దాని కింద చుక్క.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆమె గుండె గంతేసింది. చుట్టూ తుప్పుందన్న సంగతే గుర్తుకు రాలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, నోవహుకు చూపించి అరవాలనిపించింది. తర్వాత బుర్ర పనిచేసింది.

ఇంకో మెట్టు రబ్బరు తనే పీకింది. చంద్రవంక, చుక్క. ఇంకోటి. అదే. ఇంకోటి. ప్రతి మెట్టు వెనకా నాణెమంత మేర పూత గీకేసి, నడుమ గుర్తు కొట్టి, మీద రబ్బరు అంటించి ఉంది. ఉప్పు తేమకు అంతకన్నా మంచి చోటు ఎవరూ చూపించలేరు. రబ్బరు వెనక చేరి, బట్ట లేని ఇనుమును పట్టుకుని వానాకాలమంతా తిన్నది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆమె జీడిమెట్ల అంది, రంగు అంది, ఇసుక అంది. తప్పు గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"బాపూ!"

సదాశివ లేచి వచ్చాడు. ఆమె చేతిలో ప్లేటు చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం విప్పారింది. "ఇప్పుడు చూసినవా?" అన్నాడు.

"ఎప్పుడు కొట్టినవ్ ఇది?"

"లారీ ఎక్కేముందు. రబ్బరు అంటించేముందు. జింకు మీద పంచ్ నిలుస్తలేదు, జారుతుండె. ఆకురాయితోని గీకి, ఇనుము తేలినంక కొట్టిన. చెయ్యి వణుకుతది కద, పొద్దంతా పట్టింది."

"అన్నిటికీ కొట్టినవా?"

"అన్నీ మంచిగున్నయి. ఏది ఇడిసిపెట్టాలె?"

ఆ మాట ఇంకో రోజు విని ఉంటే రజిత ఆయన కాళ్ల మీద పడేది. ఇప్పుడు మాత్రం ఆమె అరిచింది. షాపులో పనివాళ్లు చేతులాపి చూశారు. "పూత మీద గీత పడొద్దని షాపులందరికీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన కద బాపూ! అన్ని మెట్లకూ తుప్పెక్కడ షురూ అయిందో చూడు. నువ్వు గీకిన కాడ. ఒక్కచోట సుత తప్పిపోలే. అందర్నీ తిట్టిన. తొట్టివాళ్లను తిట్టిన, మేస్త్రీని తిట్టిన. ఆ మేడం నన్ను పనికిరానిదంటే నోరు మూసుకుని విన్న. ఇంట్ల పెట్టుకుని ఊరుమీద పడ్డ!"

సదాశివ ప్లేటు తీసుకుని వెలుతురుకు పట్టుకున్నాడు. "గింతంత జాగకేనా?"

"గింతంత చాలు. సముద్రం కాడ గింతంతే చాలు."

"మన దగ్గర గిట్ల కాదు. మారేడ్‌పల్లి గేటుకు సుత గీకే కొట్టిన."

"మన దగ్గర సముద్రముందా?"

ఆయన ప్లేటు మీద బొటనవేలు పెట్టి తుప్పును రుద్దాడు. వేలు ఎర్రబడింది. అది చూసి రజితకు ఇంకా కోపం వచ్చింది.

"కొట్టినోనివి నాకొక్క మాట చెప్పొద్దా?"

"గుర్తు కొట్టినోడు చెప్పుకుంటడా ఎక్కడన్న? చేసినోడే చూసుకోవాలె. మా బాపు నాకు చెప్పిండా? వేరేటోడు అంటించిన రబ్బరు, బిగించేముందు నువ్వు లేపి చూస్తవనుకున్న. నేనైతే లేపి చూస్తుంటి."

"నువ్వు వేరేటోనివా బాపూ? నువ్వు అంటించినవనే లేపలే."

ఆయన పనిబల్ల అంచు మీద కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "నువ్వు చూసి సుత ఊకున్నవనుకున్న. గింత పెద్ద పని చేసింది, ఇగ దీనికి నా గుర్తుతోని పనేమున్నది అనుకున్న."

రజితకు ఆ నెలలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆమె అది కడుపుమంట అనుకుంది. ఆయన అది పొగరనుకున్నాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే సాసుపాను చాయ్ తాగుతూ, ఒక్క మాట అడగడానికి బిగుసుకుని కూర్చున్నారు. అనుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇగ ఏం చేస్తవ్?" అన్నాడు సదాశివ.

"గ్రైండరుతోని తుప్పంతా తీసెయ్యాలె. ఇనుము సాపయినంక రంగూ పాత పూతా ఊడదీసి మళ్ల జింకుల ముంచాలె."

"గుర్తు?"

"పోతది."

నోవహు ఊరుకోలేకపోయాడు. కందకు లేని దురద కత్తిపీటకు. "ముంచకముందే ఇంకోసారి కొడితే అయిపాయె కద ఉస్తాద్? పూత గుర్తు మీదికెల్లే పడుతది."

"తీసేసిన పని మీద మళ్ల కొట్టరు" అన్నాడు సదాశివ. ఆ సంగతి రజితకూ తెలుసు. వాళ్ల తాత చెరిపిన గుర్తును మళ్లీ కొట్టలేదు. ఎవరూ కొట్టలేదు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, అడగరు కూడా.

సదాశివ లేచి ప్లేటును బల్ల మీద పెట్టి, వణికే చేతిని నమ్మక మోచేత్తో అదిమి పట్టాడు. "తియ్యి" అన్నాడు.

రజిత గ్రైండరు నొక్కింది. చంద్రవంక ముందే పోయింది. చుక్క లోతుగా ఉంది, చాలాసేపు పట్టింది. మొదటి ప్లేటు అయింది, రెండోది అయింది. తండ్రీకూతుళ్ల తలలూ భుజాలూ ఇనుప పొడితో బూడిద రంగుకు తిరిగాయి.

అలా ఉండగా గడప ముందు ఆటో ఆగింది. సీతామహాలక్ష్మి గొడుగు మూస్తూ లోపలికొచ్చి, పరిచి ఉన్న మెట్లవైపు చూసింది. "ఏమ్మా, తేలిందా? తప్పెక్కడిది?"

రజిత గ్రైండరు ఆపింది. "మా షాపుదే మేడం. బిగించకముందే ఇక్కడ పూత దెబ్బతిన్నది."

"దెబ్బతిన్నదంటే? దానంతటదే తిన్నదా? అంత పని చేసినదానివి వెనక్కి తిప్పి చూసుకోవా?" ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. "నేను మీ నాన్నగారి పేరు చూసి వచ్చానమ్మా. నువ్వు చేస్తానంటే ఆయన బిడ్డవి కదా అని సరేనన్నాను. ఇప్పుడు మళ్లీ నిన్ను నమ్మమంటే ఎట్లా నమ్మను?"

రజిత నోట్లోకి నిజం వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. ఈవిడకు సదాశివ అంటే ఇన్నేళ్లకీ కిర్రుమనని గేటు. ఆ ఒక్కటీ ఆయనకు ఈ బజారులో మిగిలిన పరువు. చెబితే తన పని నిలబడుతుంది, ఆయన గేటు కూలుతుంది. ఆమె పళ్లు బిగించుకుని నిలబడింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియడం లేదు.

"పని ఆమెది. తప్పు నాది" అన్నాడు సదాశివ.

సీతామహాలక్ష్మి ఆయన వైపు తిరిగింది.

"రబ్బరు అంటించేముందు పూత గీకింది నేను. మా బిడ్డకు తెల్వదు. ఆమె చేసిన పనిల వంక పెట్టెతందుకు నాకు జాగ దొరకలే. అందుకే గీకిన."

"వంక లేకపోతే గీకడమేమిటండీ?" అంది ఆవిడ తెల్లబోయి.

సదాశివ వివరించలేదు. రజిత వివరించలేకపోయింది. నోవహు పైకప్పు చూస్తున్నాడు. ఆవిడ ముగ్గురి మొహాలూ చూసి, ఇదేదో తనకు తేలని లెక్క అని వదిలేసింది. "నాకదంతా ఎందుకు గానీ, మెట్లు ఎప్పుడొస్తాయో అది చెప్పండి. ఈ వయసులో నిచ్చెనలెక్కలేను."

"దీపావళికి మీ మెట్ల మీదే దీపాలు పెట్టుకుంటరు మేడం" అంది రజిత.

"ఈసారి ఆ రబ్బరేదో నువ్వే అంటించు" అని ఆవిడ గొడుగు విప్పుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

షాపులో మళ్లీ ఎవరి పని వాళ్లు మొదలుపెట్టారు. రజిత గ్రైండరు పట్టుకుని నిలబడే ఉంది. వంక పెట్టడానికి చోటు దొరకలేదు. ఆ మాట కోసం ఆమె ఎన్ని రాత్రులు మనసులో రిహార్సలు చేసుకుందో లెక్కలేదు. ఆ మాట వచ్చిన రోజు ఎలా ఉంటుందో, తను ఏమంటుందో, ఏ చీర కట్టుకుని ఉంటుందో కూడా అనుకుంది. తీరా ఇప్పుడు వచ్చింది, జుట్టునిండా ఇనుప పొడి ఉండగా, బయటి మనిషి ముందు, తప్పు ఒప్పుకోలుకు తోకలాగా. సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. కళ్లు మాత్రం మండాయి.

"గా ఒక్క మాట అనెతందుకు గిన్ని మెట్లు తుప్పు పట్టాల్నా బాపూ?"

సదాశివ తర్వాతి ప్లేటును బల్ల మీదికి లాగి, గుర్తు పైకి వచ్చేలా తిప్పి, మోచెయ్యి ఆనించాడు.

"అన్న కద. మళ్లమళ్ల అనిపియ్యకు" అన్నాడు. "ఊఁ, కానీయ్."

రజితకు ఒళ్లు భగ్గుమంది. కళ్లద్దాలు దించుకుని గ్రైండరు నొక్కింది.